ఏడు కోట్ల బహుమానమును, పది పేర్ల హాజరు పట్టీయును

2020వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన లండను నగరమునందలి ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలనుండి యొక ప్రకటన వెలువడెను. కరోనా దినములగుటచే సభయు జనమును లేవు. అంతయు తెరమీది వ్యవహారమే. ఆ యేటి ప్రపంచ ఉపాధ్యాయ బహుమానము మా షోలాపురము జిల్లా, మాఢా తాలూకా, పరితేవాడి యను చిన్న గ్రామమునందలి జిల్లా పరిషత్తు ప్రాథమిక పాఠశాలలో పని చేయుచుండిన శ్రీ రంజిత్‌సింహ్ డిసలే గారికి లభించినదని దాని సారాంశము. 140కి పైగా దేశములనుండి వచ్చిన 12,000 పైచిలుకు పేర్లలో మా జిల్లా పేరు నిలిచినది. బహుమానపు మొత్తము 10 లక్షల డాలర్లు; నాటి లెక్కను 7 కోట్ల రూపాయలకు పైమాట. అందులో సగము తనతోపాటు తుదివరకు నిలిచిన తక్కిన తొమ్మండుగురు ఉపాధ్యాయులకు పంచెదనని వారు అప్పుడే ప్రకటించిరి. ఆ యొక్క మాటకే వారికి నమస్కరింపవలెను.

ఆ వార్త విని మేమును సంతోషించితిమి. మా పేట మరమగ్గముల పేట. తాతల నాడు తెలంగాణమునుండి మిల్లుల పనికై వచ్చి యిచ్చట స్థిరపడిన పద్మశాలీల యిండ్లు. మగవారు మగ్గము ముందును, ఆడువారు బీడీల చేట ముందును కూర్చుండు నిండ్లు. అట్టి పేటలోకూడ నాడు, మన జిల్లావాడని మిఠాయి పంచిరి. అయితే ఆ వారమంతయు మేము ఏ యరుగుమీద కూర్చున్నను, ఏ టీ దుకాణమున నిలిచినను వినవచ్చిన మాట యొక్కటే: క్యూఆర్ కోడు. పుస్తకముమీద చుక్కల ముద్ర యున్నదట, ఫోను చూపినంతనే పాఠము పలుకునట! అటుపిమ్మటి వార్షికోత్సవమున, మేము సభ్యులమైయున్న యొక సంఘమువారు ఇంగ్లీషు మాధ్యమమున ఎక్కువ మార్కులు తెచ్చుకొన్న బాలికకు ఒక టాబ్లెట్ బహూకరించి, విద్యలో నూతన పద్ధతులకు మనమును తోడ్పడితిమని వేదికమీద చెప్పుకొనిరి. మేము వెనుక వరుసలో కూర్చుండి చప్పట్లు కొట్టితిమి. ఆ చప్పట్లకు నేడు సిగ్గుపడి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

పరితేవాడిలో నిజముగా జరిగినదేమి? డిసలే గారు ఇంజనీరింగు చదువు మధ్యలో విడిచి, తండ్రి సలహామీద ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు. 2009లో వారు ఆ పాఠశాలకు వచ్చునాటికి, అది పశువుల కొట్టమునకును సామాను గదికిని నడుమ పాడుపడియున్న యొక కట్టడము. బాలికలు బడికి వచ్చుట అరుదు, చిన్ననాటనే పెండ్లిండ్లు. వీనికన్న లోతైన చిక్కు మరియొకటి యుండెను. ఆ పిల్లల యింటిభాష కన్నడము. వారి చేతిలోని పుస్తకము కన్నడము కాదు. అప్పుడాయన కన్నడము నేర్చుకొనిరి. శ్రమపడి నేర్చుకొనిరి. ఒకటవ తరగతినుండి నాలుగవ తరగతివరకు పాఠములను పిల్లల భాషలోనికి మార్చి, పద్యములు, కథలు, పాఠములు చెప్పు దృశ్యములు, అభ్యాసములు కన్నడమున సిద్ధపరచి, వానిని పుస్తకపు పుటమీది చుక్కల ముద్రతో ముడిపెట్టిరి. ముద్ర కేవలము తలుపు. తలుపు వెనుకనున్న యిల్లు కన్నడము.

2017లో మహారాష్ట్ర ప్రభుత్వము రాష్ట్రపు పాఠ్యపుస్తకములన్నిట ఆ ముద్రను వేయ నిశ్చయించెను. మరుసటి యేట కేంద్రమువారును తమ ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములకు అట్లే వేయుదుమనిరి. మంచిదే. ముద్ర రాష్ట్రముల సరిహద్దులు దాటి పాకినది. పిల్లల భాషను ఉపాధ్యాయుడు నేర్చుకొనుట అట్లు పాకినదా? ఒక మండలమునకైనను, ఒక తాలూకాకైనను పాకినదా? ముద్ర వేయుటకు ముద్రాక్షరశాల చాలును. భాష నేర్చుకొనుటకు మనిషి కావలెను, ఓపిక కావలెను, కొంత వినయమును కావలెను. మొదటిదానిని ఉత్తరువుచే పంచవచ్చును; రెండవది ఉత్తరువుతో రాదు. కావున ప్రపంచమంతయు మొదటిదానినే చూచినది.

ఈ మాట మేము పుస్తకములు చదివి చెప్పుచున్నది కాదు. మేము నాలుగవ తరగతివరకు తెలుగు శాఖలో చదివి, అయిదవ తరగతికి మరాఠీ పాఠశాలకు పోయినవారము. మాతోపాటు పేటనుండి పోయినవారు మరి ఆరుగురు. లెక్కల గంటలో గురూజీ 'బేరీజ్' అనిరి, మాకు తెలియలేదు. మన దేశపు గుమాస్తాలందరకును తెలిసిన బేరీజు అదియేనని తెలిసికొనుటకు మాకు ఉద్యోగము వచ్చువరకు పట్టెను. 'వజాబాకీ' అనిరి. బాకీ యను మాట మాత్రము మా యిండ్లలో అందరకు తెలిసినదే. కావున, మా తండ్రులు ఎవరికో బాకీ పడియున్నారని, అది బడిలోకూడ తెలిసిపోయినదని మేము భయపడితిమి. అందులో ఒకడు మరునాడు బడికి రాలేదు. ఈ సంగతి గురూజీకి ఎట్లు తెలిసెనో తెలిసినది. ఆయన నవ్వలేదు. మమ్ము బల్ల చెంతకు పిలిచి, దీనిని మీ యింట నేమందురని యొక్కొక్కటే యడిగి, నల్లబల్ల మూలను తన నాగరి లిపిలో కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారము అని వ్రాసికొనెను. ఆ నాలుగు మాటలు సంవత్సరాంతమువరకు ఆ మూలనే యుండెను. బల్ల తుడుచు పిల్లవానికి ఆ మూల తుడువరాదని యాజ్ఞ. భిన్నములు వచ్చుసరికి ఆయనయే ముందుగా, 'అపూర్ణాంకము మీ భాషలో నేమి?' అని యడిగెడివాడు. మాకు లెక్కలు వచ్చినవి. మేము మెట్రిక్యులేషను గట్టెక్కి గుమాస్తా కొలువు చేసికొనగలుగుట ఆ నల్లబల్ల మూల పెట్టిన భిక్ష. ఆయనకు ఎవ్వరును బహుమానమీయలేదు. పదవీ విరమణ నాడు కొబ్బరికాయయు శాలువయు నిచ్చియుందురు.

ఇప్పుడు ప్రపంచపు బహుమానముల సంగతి చూతము. గడచిన పదునైదేండ్లలో ఇవి పుట్టగొడుగులవలె లేచినవి. ప్రపంచ ఉపాధ్యాయ బహుమానమును స్థాపించిన శ్రీ సన్నీ వర్కీ గారు, 1959లో కేరళమునుండి దుబాయికి వలసపోయి అచ్చట ఇంగ్లీషు చెప్పిన దంపతుల కుమారుడు. ప్రైవేటు పాఠశాలల గొప్ప వ్యాపారి. వారి ఫౌండేషను మొదటి బహుమానము 2015లో ఇచ్చెను. కతార్ దేశపు ఫౌండేషనువారు వైజ్ అను పేరిట 2009లో దోహాలో విద్యా మహాసభలు మొదలిడి, 2011నుండి 5 లక్షల డాలర్ల బహుమానము నీయసాగిరి. చైనా దేశపు టెన్సెంట్ కంపెనీ స్థాపకులలో నొకరగు చెన్ యిదాన్ గారు 2016లో తమ పేరిట హాంగ్‌కాంగులో రెండు బహుమానములు నెలకొల్పిరి. ఒక్కొక్కటి 3 కోట్ల హాంగ్‌కాంగు డాలర్లు, సగము మనిషికి, సగము పనికి. ఇచ్చువారి యుద్దేశమును మేము శంకింపము. ధనికుడు గుడి కట్టించుటకంటె గురువును గౌరవించుట మెచ్చదగినదే. అయితే వీరందరు చెప్పు మాట, నూతన పద్ధతులను ప్రోత్సహించుచున్నామని. ఆ మాటనే మేము కొంచెము తరచి చూడగోరుదుము.

వైజ్ బహుమానము మొదట, 2011లో, బంగ్లాదేశపు ఫజలె హసన్ ఆబెద్ గారికి వచ్చెను. ఆయన బ్రాక్ సంస్థను 1972లో స్థాపించిరి. 2012లో మన ముంబాయి మాధవ్ చవాన్ గారికి వచ్చెను. వారి ప్రథమ్ సంస్థ 1995లో ముంబాయి మురికివాడలలో బాలవాడీలతో మొదలైనది. 2013లో కొలంబియా దేశపు విక్కీ కోల్బెర్ట్ గారికి వచ్చెను. ఒకే ఉపాధ్యాయుడు అన్ని తరగతులకును చెప్పు పల్లెబడులకై ఆమె సహచరులతో పద్ధతి కట్టినది 1970ల నడిమి కాలమున. యిదాన్ బహుమానము మొదటి యేట, 2017లో, మరల ఆమెకే. 2021లో మరల ప్రథమ్ వారికే, రుక్మిణీ బెనర్జీ గారి పేరిట. వీరందరు పూజ్యులు. కాని నలుబదేండ్ల క్రిందట నాటిన చెట్టుకు నేడు పూలదండ వేసి, మొలకలను ప్రోత్సహించితిమనుట యేమి న్యాయము? కొలంబియా కొండలలో ఆమెకు కాగితము, పలక, బస్సు ఖర్చు కావలసిన నాడు ఈ సభలు లేవు, ఈ దీపములు లేవు. పండిన చేనికి నీరు పెట్టుచున్నారు. నారుమడి ఎండుచున్నది.

ఇక యంత్రములవైపు చూతము. 2014లో ఎక్స్‌ప్రైజ్ అను సంస్థ కోటి 50 లక్షల డాలర్ల పోటీ యొకటి ప్రకటించెను. ధనమిచ్చినవారు ఎలాన్ మస్క్ గారు. ఉపాధ్యాయుడు లేకయే పిల్లలు తమంత తాము చదువను, వ్రాయను, లెక్క చేయను నేర్చుకొనునట్లు టాబ్లెట్టులో పాఠములు కూర్పవలెనని పందెము. పరీక్షకు టాంజానియా దేశపు టాంగా ప్రాంతమున 170 గ్రామములను ఎంచుకొనిరి. 2019 మే నెలలో రెండు బృందములకు ప్రథమ బహుమానము సమముగా పంచిరి. ఇందు మేము గమనించినది యొక్కటే. ఆ టాబ్లెట్టులలోని పాఠములు ఇంగ్లీషున లేవు. ఆ దేశపు స్వాహిలీలో నుండెను. ఉపాధ్యాయునే వలదనుకొన్నవారు సయితము పిల్లలు ఎరిగిన భాషను వలదనుకొనలేకపోయిరి! మా సంఘము వేదికమీద ఇచ్చిన టాబ్లెట్టులో తెలుగు అక్షరమొకటైనను ఉండెనా యని మేము తరువాత ఆ బాలికను అడిగితిమి. "తాతా, నాకు తెలుగు చదువ రాదు కదా" అనెను. బిడ్డ తప్పేమియు లేదు.

పిల్లల యింటిభాషలో చదువు మొదలిడవలెనని చెప్పుట క్రొత్త కాదు. యునెస్కోవారు 1953లోనే యొక గ్రంథము వెలువరించి యీ మాట గట్టిగా చెప్పిరి. 2016లో అదే సంస్థ లెక్క తేల్చినది: ప్రపంచమున నూటికి 40 మంది వరకు తాము మాటాడు, లేక తెలిసిన భాషలో చదువు అందనివారే. ఫిబ్రవరి 21వ తేదీని మాతృభాషా దినముగా 1999లో ప్రకటించినదియు వారే. మరి యీ పనికి బహుమానము లేదా యనిన, కలదు. కొరియా ప్రభుత్వము ధనసహాయమున 1989లో నెలకొల్పబడిన సేజోంగ్ రాజు అక్షరాస్యతా బహుమానము ముఖ్యముగా మాతృభాషలలో అక్షరజ్ఞానము కలిగించువారికి ఉద్దేశింపబడినది. సామాన్యులు చదువుకొనుటకై 15వ శతాబ్దిలో క్రొత్త లిపిని కల్పించిన రాజు పేరు దానికి పెట్టుట ఎంతయు తగియున్నది. ఇటీవలి సంవత్సరములలో దాని మొత్తము ఒక్కొక్కరికి 20,000 డాలర్లు. పది లక్షలెక్కడ, ఇరువది వేలెక్కడ! గుమాస్తా కన్నులకు ఈ రెండంకెలు ఒకే కాగితముమీద కనబడినచో, లోకము దేనికి ఎంత వెల కట్టినదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ చిన్న బహుమానము ఎవరికి వచ్చినదని ఏ టీ దుకాణమునను మాటాడుకొనగా మేము వినలేదు.

మాతో వాదించువారు మా పేటలోనే కలరు. వారనునది, బహుమానమే లేనిచో పరితేవాడి పేరు మీకు తెలిసెడిదా యని. ఒప్పుకొందుము, తెలిసెడిది కాదు. మా యింటినుండి బస్సున రెండు మూడు గంటలలో పోదగిన గ్రామము సంగతి మాకు లండను చెప్పవలసివచ్చెను. అయితే లండను చెప్పిన పిమ్మటనైనను మనము వినినది సగమే కదా యని మా బాధ.

ఇంకొకరు మరింత సూటిగా అడిగిరి: "మహారాష్ట్రలో ఉన్నాము, మరాఠీ కావలెను, ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలెను, నడుమ తెలుగేల, బిడ్డ నెత్తిన మూడవ బరువు?" మేము మరాఠీ వలదనము. ముప్పదియేండ్లకు పైగా మరాఠీ దస్త్రములు వ్రాసి బిడ్డలను పెంచినవారము. మాకు అన్నము పెట్టిన భాష అది. మేము చెప్పునది వరుస గుఱించి. ఇంట విన్న మాటలతో ఒక లిపి గట్టిగా పట్టుబడిన బిడ్డకు రెండవ లిపి త్వరగా వచ్చును. మాకు వచ్చినది, మా తరమువారికి వచ్చినది. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో మరాఠీగా పెరుగు మా మనుమలు మరాఠీలో లెక్క పెట్టి, తెలుగులో అలిగి, ఇంగ్లీషులో పద్యము అప్పగించుచున్నారు. ఏ యొక్క భాషలోను ఒక పుట చదివి యిది నాకు తెలిసినదని చెప్పజాలరు. మూడు బరువులు మోపిన దెవరో వాదించువారే చెప్పవలెను.

మంచి పద్ధతి యెట్లు పాకునో చెప్పుటకు మన భాషలోనే యొక ఉదాహరణము కలదు. మదనపల్లె చేరువ రిషీవ్యాలీలో పద్మనాభరావు గారు, రమ గారు అను దంపతులు చుట్టుపట్ల పల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలల పిల్లలకై తెలుగులో చిన్న చిన్న కార్డులతో పాఠములు కూర్చిరి. పిల్లవాడు తన నడక కొలది ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు పోవును. ఉపాధ్యాయుడు నడుమ కూర్చుండి కావలసినవానికి చేయి యందించును. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ప్రాంతపు ఉపాధ్యాయులు కొందరు దానిని చూడ వచ్చిరి. చూచి పోయి, కన్నడమున తమ పాటలతో, తమ యూరి మాటలతో తిరిగి కట్టుకొనిరి. అదియే నలి-కలి, పిదప కర్ణాటకమంతట ప్రభుత్వ పాఠశాలలలో ప్రవేశించినది. 2003 ప్రాంతమున చెన్నపట్టణపు కార్పొరేషను పాఠశాలలలో అదే మూలమునుండి తమిళమున మరియొక రూపు దాల్చి, తమిళనాడంతట వ్యాపించెను. తెలుగు పల్లె పిల్లలకై పుట్టిన పద్ధతి కన్నడ, తమిళ పిల్లలకు వారి వారి భాషలలో అందినది. దీనిని వ్యాపింపజేసినది బహుమానము కాదు. ఒక ఉపాధ్యాయుడు బస్సెక్కి మరియొక ఉపాధ్యాయుని గదిలో వెనుక బల్లమీద కూర్చుండి చూచుట. ఆ బస్సు చీటీకి డబ్బిచ్చిన వారి పేరు మాకు ఏ పురస్కార పత్రమునను కనబడలేదు.

అట్లే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో ఎనిమిది గిరిజన భాషలలోను, ఒడిశాలో 2007లో పది గిరిజన భాషలలోను చిన్న తరగతుల పుస్తకములు వచ్చినవి. కోయ పిల్లవాడు, సవర పిల్లవాడు తన మాటను అచ్చులో చూచుట ఈ కాలపు గొప్ప నూతన విద్యా పద్ధతులలో నొకటి యని మా దృఢవిశ్వాసము. ఆ పుస్తకములకై కొండగూడెములలో కూర్చుండి మాటలు ప్రోగుచేసిన ఉపాధ్యాయుల పేర్లు మనలో ఎందరకు తెలియును? టాబ్లెట్ తయారుచేసిన కంపెనీల పేర్లు మాత్రము అయిదేండ్ల బిడ్డకు తెలియును.

ఇక మన సంగతికి వత్తము. ఈ సంచిక చదువువారిలో యానామువారికి ఈ చిక్కు అంతగా లేదు. అచ్చట తెలుగే ఊరి భాష. హోసూరు, కృష్ణగిరివారు 2006 నాటి తమిళ చట్టము తర్వాత పడిన పాట్లు మాకంటె వారే చెప్పుదురు. బళ్ళారివారు, కోలారువారు, బరంపురమువారు, పర్లాకిమిడివారు తమ తమ బడుల లెక్కలు తామెరుగుదురు. మనకందరకు వర్తించు అంకె యొకటి కలదు. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రులు కూడి, పాఠశాల మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక మాతృభాష పిల్లలున్నచో, ఆ భాషలో చెప్పు ఉపాధ్యాయుని ఒక్కనినైన నియమింపవలెనని తీర్మానించిరి. 1956లో రాజ్యాంగమునకు 350-ఎ అధికరణము చేర్చి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పించుట రాష్ట్రముల విధి యనిరి. ఈ పది యను అంకె యెట్లు పని చేయునో మేము కొలువున్న కార్యాలయమున కన్నులార చూచితిమి. పదునొకండుగురున్నంతవరకు దస్త్రము కదలదు. కొత్త ఉపాధ్యాయుని అడిగిన, పరిశీలనలో నున్నదని జవాబు. తొమ్మండుగురైన నాడు అదే దస్త్రమునకు రెక్కలు వచ్చి, శాఖ మూసివేత ఉత్తరువు నాలుగు బల్లలు నాలుగు దినములలో దాటును. ఆ ఉత్తరువు శుద్ధప్రతి వ్రాసిన చేయి ఒకమారు మాదే. తెలుగువాని చేతనే తెలుగు శాఖ మూతపడినదని మాతో పనిచేసినవారు పరిహాసమాడిరి. మేమును నవ్వితిమి, ఇంటికి వచ్చి అన్నము తినలేదు.

అయినను అధికారులనే నిందించి యేమి లాభము? శాఖను మూసినది ఉత్తరువే కావచ్చును. తొమ్మండుగురిని చేసినది మనము. మన సంఘములు ఏటేట బహుమానములు పంచుచున్నవి. ఎవరికి? ఇంగ్లీషు మాధ్యమమున నూటికి తొంబది దాటినవారికి. వారికి బడియు, ట్యూషనును, తల్లిదండ్రుల సంపాదనయు ముందే బహుమానమిచ్చినవి. దోహావారు, దుబాయివారు చేయునదియే మనమును చేయుచున్నాము, మన తాహతుకొలది. వారిని వెక్కిరించు హక్కు మనకు లేదు.

కావున మేము వచ్చు సర్వసభ్య సమావేశమున ఒక ప్రతిపాదన పెట్టబోవుచున్నాము. శాలువలకు, జ్ఞాపికలకు, టాబ్లెట్టులకు అగు వ్యయమును మూడేండ్లపాటు ఆపి, ఆ సొమ్ము పేటలోని తెలుగు శాఖలో సాయంకాలము చిన్నపిల్లలకు చదువు చెప్పు ఒక ఉపాధ్యాయురాలికి నెలనెల గౌరవ వేతనముగ నీయవలెను. ఆమె తెలుగువారే కానక్కరలేదు. పిల్లల మాట నేర్చుకొను మనసున్న మరాఠీ సోదరియైనను మాకు సమ్మతమే, పరితేవాడి దారి అదియే కదా. పుస్తకములకు వెదుకులాట వలదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అను పేర తెరచిన భాండాగారమున తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితముగా దొరకును. ఫోనున్న యెవ్వరైనను దించుకొనవచ్చును, అచ్చు వేసికొనవచ్చును. యంత్రము మాకు శత్రువు కాదు, దానిలో మన మాట యున్నచో. సంఘపు కోశాధికారి గారు ఈ ప్రతిపాదన విని, దాతల పేర్లు ఎక్కడ చదువుదుమని యడిగిరి. హాజరు పట్టీ వెనుక అట్టమీద వ్రాయింతుమని చెప్పితిమి. ఆయన మాట మార్చిరి.

ఆ శాఖలో వచ్చు జూనునకు ఒకటవ తరగతికై మేము ఇల్లిల్లు తిరిగి యింతవరకు కూర్చిన పేర్లు ఏడు. అందులో నలుగురు బీడీ కార్మికురాండ్ర బిడ్డలు, ఇద్దరు మగ్గము కార్మికుల బిడ్డలు, ఒకడు ఇస్త్రీ దుకాణమువాని కొడుకు. సంఘపు కార్యవర్గ సభ్యుల యిండ్లనుండి ఒక్క పేరును రాలేదు. ఎనిమిదవ పేరు మా మనుమరాలిదిగ నుండవలెనని కోడలితో రెండుమార్లు చెప్పియున్నాము. ఆమె ఇంకను ఒప్పుకొనలేదు.